సరుకు బండి చేతిబ్రేకు వదులైనప్పుడు చేయవలసినది

మన సంఘ సభ్యులలో పలువురు నేడు ఎడ్లబండికి మారుగా పికప్పు బండిని ఉంచుకొనియున్నారు. బొలేరో పికప్పు, టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్ మొదలగు బండ్లలో ఒకటైనను లేని యూరు అరుదు. టమాటా పెట్టెలను మదనపల్లె మార్కెట్టునకును, మామిడికాయలను మండీలకును, ఎరువు బస్తాలను గిడ్డంగినుండి చేనికిని చేరవేయునవి ఇవియే. ఇంజనుకు ఆయిలు మార్చుటలోను, టైర్లకు గాలి కొట్టించుటలోను మనవారు అశ్రద్ధ చేయరు. చేతిబ్రేకు విషయమున మాత్రము “రాయి పెట్టితే సరిపోవును గదా” యను మాట తరచుగ వినబడుచున్నది. కాలిబ్రేకు చెడినచో ఆ దినముననే మెకానిక్కు వద్దకు పోవుదురు. చేతిబ్రేకు చెడినచో సంవత్సరముల తరబడి రాతితోనే కాలక్షేపము చేయుదురు.

రాతిపై మాకు కోపము లేదు. ఈ వ్యాసములో రాయి పెట్టుమని మేమే పలుమారు చెప్పబోవుచున్నాము. కాని రాయి బ్రేకునకు తోడుగ నుండవలెనే గాని బ్రేకునకు బదులుగ నుండరాదు. ఏలయన, లెక్క యీ విధముగ నున్నది. బండి బరువు, సరుకు బరువు కలిపి 30 క్వింటాళ్లనుకొందము. పది అడుగుల దూరమునకు ఒక అడుగు దిగు వాలుపై ఆ బండిని నిలిపినచో, దానిని క్రిందికి లాగు బలము సుమారు 3 క్వింటాళ్లు. మొగిలి ఘాటులోనో భాకరాపేట ఘాటులోనో బండి ఆపవలసి వచ్చినప్పుడు ఈ 3 క్వింటాళ్ల బలమును పట్టి నిలుపవలసినది చేతిబ్రేకే. ఐక్యరాజ్య సమితివారి వాహన నిబంధనలలో 13వ దాని ప్రకారము, పూర్తి సరుకుతో నున్న బండిని 100 అడుగులకు 18 అడుగుల వాలుపై, ఎగువకు గాని దిగువకు గాని, నిలుపు శక్తి చేతిబ్రేకునకు ఉండవలెను. దానికై సరుకు బండ్లలో చేతితో లాగు బలము 600 న్యూటన్లకు, అనగా సుమారు 61 కిలోలకు మించరాదు. మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 96వ నియమము కూడ కాలిబ్రేకును చేతిబ్రేకును వేర్వేరుగ, రెండును సరిగ పనిచేయునట్లు ఉంచుకొనవలెనని నిర్దేశించుచున్నది. కావున వదులైన చేతిబ్రేకుతో బండి నడుపుట అపాయమే గాక నియమవిరుద్ధము కూడ.

మేము తిరుగు గ్రామములలో ఒకచోట జరిగినది చెప్పుదుము. కాయలు ప్రోగుచేయు పాకయొద్ద కొంచెము వాలుగానున్న నేలపై ఒక పికప్పును నిలిపియుంచిరి. గేరులో నుంచలేదు. రాయి పెట్టలేదు. “పదునైదు దినముల క్రిందటనే చేతిబ్రేకు బిగించినాము” అను ధీమాతో నుండిరి. నలుబది పెట్టెలు ఎక్కించువరకు బండి కదలలేదు. ఆ తరువాత మెల్లగ జరుగ నారంభించి, కూలీలు కేకలు వేయునంతలో పది గజములు పోయి వేపచెట్టునకు తగిలి నిలిచెను. వెనుక చక్రము నీడన కూర్చుండిన పిల్లవాడు మంచినీళ్లకై లేచి పోయి రెండు నిమిషములు కూడ కాలేదు. తరువాత డ్రమ్ములు విప్పించి చూడగా, ఒక చక్రమున లైనరు రివిట్ల తలలదాక అరిగియుండెను. రెండవ చక్రమున లైనరు ఆయిలుతో తడిసి జిడ్డుగ నుండెను. పదునైదు దినముల క్రిందట చేసిన పని యేమనగా, బండి క్రింద పరుండి కేబులు నట్టును నాలుగు చుట్లు త్రిప్పుటయే. పిడి బిగువైనది, బ్రేకు మాత్రము బాగుపడలేదు.

ఈ రెంటి భేదమును తెలిసికొనుటయే ఈ పనిలో ముఖ్యము. దానికై లోపలి ఏర్పాటును కొంచెము తెలిసికొనవలెను.

డ్రైవరు ప్రక్కన నున్న పిడి ఒక మీట. గునపముతో బండరాతిని కదలించునప్పుడు చేయి మూరెడు కదలినచో రాయి అంగుళము కదలును గదా, ఇదియు నట్టిదే. పిడిని పైకి లాగినప్పుడు దాని అడుగుననున్న పళ్లచాపముపై చిన్న నాలుక ఒకటి పన్ను వెంట పన్నుగా ఎక్కుచు “టిక్కు, టిక్కు” మని శబ్దము చేయును. పిడి వెనుకకు జారకుండ పట్టునది ఆ నాలుకయే. పిడినుండి ఉక్కు తీగల కేబులు బండి క్రిందుగ వెనుకకు పోవును. నడుమ ఒక చిన్న అడ్డపట్టీ యుండును. అక్కడినుండి ఎడమ చక్రమునకు ఒకటి, కుడి చక్రమునకు ఒకటి కేబులు పోవును. ఈ అడ్డపట్టీ మన కాడివంటిది. కాడి తిన్నగనున్నచో రెండు ఎడ్లును సమముగ లాగుచున్నవని యర్థము. ఒక ఎద్దు వెనుకబడినచో కాడి వంకరగును. అటులనే ఒక కేబులు పట్టుకొనిపోయినను, ఒక చక్రమున లైనరు ఎక్కువగ అరిగినను ఈ పట్టీ వంకరగ నిలుచును. బండి క్రిందికి తొంగిచూచి ఈ పట్టీని గమనించుటతోనే సగము రోగము తెలియును.

చక్రము లోపల డ్రమ్ము అనబడు ఇనుప గిన్నె యొకటి చక్రముతో కూడ తిరుగును. దాని లోపల అర్ధచంద్రాకారముగల రెండు షూలు తిరుగక నిలిచియుండును. వాని వెలుపలి ముఖమున లైనరు అతికియో రివిట్లతో బిగించియో యుండును. కాలిబ్రేకు త్రొక్కినప్పుడు బ్రేకు ఆయిలు వత్తిడిచే షూలు విచ్చుకొని డ్రమ్మును ఒరయును. చేతిబ్రేకు లాగినప్పుడు అవే షూలను కేబులు చివరనున్న చిన్న మీట విచ్చును. షూలు రెండు బ్రేకులకును ఉమ్మడి. వానిని కదలించు మార్గములు మాత్రము వేరు. కావుననే ఆయిలు గొట్టము పగిలి కాలిబ్రేకు పోయినను చేతిబ్రేకు కొంతవరకు పనిచేయును. కాని లైనరు అరిగినచో రెండును చెడును.

బ్రేకునకు షూ అను పేరు రాకకు పూర్వకథ యేమైనను, ఇంగ్లండులోని డెర్బీషైరు కొండప్రాంతపు రైతులు గుర్రపుబండ్లను పల్లమునకు దింపునప్పుడు పాతజోళ్లను చక్రమునకు అదిమి వేగము తగ్గించెడివారనియు, దానిని చూచి హెర్బర్టు ఫ్రూడ్ అనునాతడు బ్రేకు లైనర్ల తయారీకి పూనుకొనెననియు చెప్పుదురు. 1897లో ఆతడు స్థాపించిన ఫెరోడో అను వ్యాపారము పేరు, ఆతని పేరులోని అక్షరములను తారుమారుచేసి ఒక అక్షరము కలిపి కల్పించినదే. రైతు బండినుండియే ఈ విద్య కొంత పుట్టినదని మన సభ్యులు సంతోషింపవచ్చును.

ఇక పిడి వదులగుటకు కారణములు. లైనరు దినదినమును అరుగుచుండుటచే షూకును డ్రమ్మునకును నడుమ ఎడము పెరుగును. ఈ ఎడము వెంట్రుకవాసి పెరిగినను, మీటల పెంపకముచే పిడియొద్ద అది వ్రేళ్ల వెడల్పున కనబడును. ఇది మొదటిదియు, మిక్కిలి సాధారణమైనదియు నగు కారణము. చాల బండ్లలో ఈ ఎడమును తానే సరిచేసికొను చిన్న యంత్రము షూల నడుమ నుండును గాని, మన పొలముల దుమ్మునకును బురదకును అది తుప్పుపట్టి కదలకుండుట కలదు. రెండవది, కేబులు సాగుట. ఉక్కు కేబులు మనవారనుకొనునంత సాగదు. క్రొత్త కేబులు వేసిన మొదటి కొన్ని దినములలో కొంచెము సర్దుకొనును, అంతియే. ఏండ్ల తరబడి వాడినదై, పోగులు తెగి విచ్చుకొన్నచో దానిని బిగింపక మార్చవలెను. మూడవది, పళ్లచాపపు పండ్లు అరిగి నాలుక జారుట. అట్టి బండిలో పిడి బిగువుగానే వచ్చును గాని, గతుకుకో అదటుకో తటాలున క్రిందికి పడును. దీనికి సవరణ లేదు, మార్పిడియే.

పిడి వదులుగ నుండుట వేరు, పిడి బిగువుగనుండియు బండి నిలువకపోవుట వేరు. రెండవది కనబడినచో లైనరు తడిసినదనియే మొదట అనుమానింపవలెను. వెనుక ఇరుసు సీలు పోయి గేరు ఆయిలు కారినను, చక్రములోని బ్రేకు సిలిండరు కారినను లైనరు తడియును. అప్పుడు కేబులు ఎంత బిగించినను ప్రయోజనము లేదు.

పరీక్ష చేయువిధము. మొదట సమతలమున బండి నాపి, పిడిని పూర్తిగ దించి, నెమ్మదిగ లాగుచు టిక్కులు లెక్కింపవలెను. ఎన్ని టిక్కులలో బిగియవలెనో బండితో నిచ్చిన పుస్తకమున వ్రాసియుండును. ఆ సంఖ్యయే ప్రమాణము. సాధారణముగ 5 మొదలు 8 లోపల బిగియును. పుస్తకములోని సంఖ్యకంటె చాల ఎక్కువై, పిడి నిలువుగ లేచి నిలుచునంత వచ్చినచో సవరణ అవసరము. తరువాత ఖాళీ బండిని కొద్దిపాటి వాలుపై నిలిపి, చక్రములకు దిగువవైపున జానెడు ఎడముతో రాళ్లు పెట్టి, చేతిబ్రేకు లాగి, గేరు తీసి, కాలిని బ్రేకుపైనుండి మెల్లగ వదలవలెను. కాలు బ్రేకునకు అంగుళము దూరముననే సిద్ధముగ నుండవలెను. ఆ సమయమున బండికి దిగువవైపున మనిషి గాని పశువు గాని యుండరాదు. ఎగువకు ముఖముగ ఒకమారు, దిగువకు ముఖముగ ఒకమారు చూడవలెను. ఒకవైపు నిలిచినది మరియొకవైపు నిలువకపోవచ్చును.

సవరణకు పూనుకొను ముందు ఒక సంగతి చెప్పక తప్పదు. ఇది తెలియకనే బండి క్రింద నలిగిపోవు అపాయము కలుగుచున్నది. చేతిబ్రేకు పట్టునది వెనుక చక్రములనే. ఈ పనికి వెనుక చక్రములనే లేపి, ఆ బ్రేకునే వదలవలెను. అప్పుడు బండిని పట్టునది యేది? “గేరులో నుంచినాము గదా” అందురు. ఈ పికప్పులలో గేరు కూడ వెనుక చక్రములద్వారానే బండిని పట్టును. ఒక వెనుక చక్రము గాలిలోనికి లేచినచో, ఇరుసు నడుమనున్న పళ్లచక్రముల ఏర్పాటువలన నేలపైనున్న రెండవ చక్రము స్వేచ్ఛగ దొరలగలదు. లేచిన చక్రము ఎదురుదిక్కున తిరుగును, అంతియే. అనగా గేరును లేదు, బ్రేకును లేదు. కావున ముందు చక్రములు రెంటికిని, ముందు వెనుకలు రెండు వైపులను, గట్టి కొయ్య చీలలు గాని పెద్దరాళ్లు గాని బిగువుగ పెట్టిన పిమ్మటనే జాకీ ఎత్తవలెను. నేల సమముగను గట్టిగను ఉండవలెను. దుక్కి నేలపైనను, తడి నేలపైనను జాకీ ఒరగును. సరుకు దింపివేయవలెను. జాకీ ఎత్తుటకే గాని పట్టియుంచుటకు కాదు. ఎత్తిన తరువాత ఇరుసు క్రింద రెండు వైపులను ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని వానిపై దింపి, ఆ పిమ్మటనే క్రిందికి పోవలెను. ఇటుకలు పేర్చుట మన గ్రామములలో సర్వసాధారణము. ఇటుక చెప్పి పగులదు. మోటుకొయ్య దిమ్మె ఇటుకకంటె మేలు, స్టాండు అన్నింటికంటె మేలు.

ఇప్పుడు పని. పిడిని పూర్తిగ దించి, కేబులు నట్టును కొంచెము వదులుచేయవలెను. చాలమంది ఇక్కడ బిగించుటతో మొదలుపెట్టుదురు. మేము వదులుచేయుటతో మొదలుపెట్టుమనుచున్నాము. కారణమేమనగా, కేబులు బిగువుగనున్నచో లోపలి చిన్న మీట తన విశ్రాంతి స్థానమునకు పోదు; అది పోనిచో షూలు పూర్తిగ మూసికొనవు; అవి మూసికొననిచో తానే సరిచేసికొను యంత్రము తన పనిని సరిగ చేయజాలదు. షూలను ముందు సరిచేసి, కేబులును పిదప సరిచేయవలెనను క్రమము ఇందుకే యేర్పడినది. క్రమము తప్పినచో చేసిన పని నెల దినములు కూడ నిలువదు.

చక్రము తీసి డ్రమ్ము విప్పవలెను. అది తుప్పుచే పట్టుకొనియున్నచో సుత్తితో మోదరాదు. కొన్ని డ్రమ్ములకు మరలున్న రెండు రంధ్రములుండును, వానిలో తగిన బోల్టులను సమముగ బిగించినచో డ్రమ్ము తానే వెలికి వచ్చును. లోపల నల్లని పొడి యుండును. దానిని నోటితో ఊదరాదు, గాలి గొట్టముతో కొట్టరాదు. కొన్ని లైనర్లలో ఆస్బెస్టాసు అను రాతినార కలదు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్లు గడచిన పిమ్మట ప్రాణాంతకమైన వ్యాధులు కలుగును. లైనరును చూచి ఇందున్నది, ఇందు లేదు అని చెప్పుట మనచేత గాదు గనుక, అన్ని పొడులను విషముగనే యెంచి, తడిగుడ్డతో అద్ది తీసి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. డ్రమ్ము విప్పియున్నప్పుడు ఎవ్వరును కాలిబ్రేకు త్రొక్కరాదు. త్రొక్కినచో సిలిండరు ముక్కలు వెలికి వచ్చి ఆయిలంతయు పోవును.

లైనరు రివిట్లతో బిగించినదైనచో, రివిట్ల తలలు లైనరు ముఖమునకు దగ్గరగ వచ్చినవా చూడవలెను. వచ్చినచో షూలు మార్చవలెను. అతికినదైనచో పుస్తకములోని కనీసపు మందముతో పోల్చవలెను. ఒక చక్రమునకు మార్చినచో రెండవ చక్రమునకును మార్చితీరవలెను. లేనియెడల బండి ఒకవైపునకు లాగును. లైనరు తడిసియున్నచో, కిరసనాయిలుతో తుడిచి మరల వేయుట దండుగ. కారుచున్న చోటును మెకానిక్కుచే బాగుచేయించి, క్రొత్త షూలు వేయించవలెను. ఇక్కడ మన చేతిపని ఆపివేయుట వివేకము. సిలిండరు, సీలు మార్చుట అలవాటులేనివారు చేయదగిన పని కాదు.

లైనరు బాగుగనున్నచో, డ్రమ్మును మరల తొడిగి షూల ఎడమును సరిచేయవలెను. కొన్ని బండ్లలో వెనుకపళ్లెమునకు చిన్న కిటికీవంటి సందు, దానికి రబ్బరు మూత ఉండును. మూత తీసి, అందులోనుండి స్క్రూడ్రైవరుతో లోపలి పళ్లచక్రమును ఒక్కొక పన్నుగా త్రిప్పుచు, చేతితో చక్రమును దొర్లించుచు రావలెను. చక్రము గట్టిగ పట్టుకొనువరకు త్రిప్పి, తరువాత అది స్వేచ్ఛగ దొరలువరకు వెనుకకు త్రిప్పవలెను. లైనరు అచ్చటచ్చట మెల్లగ తగులు చప్పుడు వినబడినను బాధలేదు, బరువుగ ఆగరాదు. రెండవవైపును అట్లే చేయవలెను. తానే సరిచేసికొను ఏర్పాటుగల బండిలో, డ్రమ్ములు తొడిగిన పిదప కాలిబ్రేకును పలుమారు త్రొక్కి వదలినచో చాలవరకు షూలు తమ స్థానమునకు వచ్చును. అయితే కొన్ని యేర్పాట్లు చేతిబ్రేకు లాగినప్పుడును, కొన్ని వెనుకకు నడుపుచు బ్రేకు వేసినప్పుడును పనిచేయును గనుక, మీ బండి ఏ రకమో పుస్తకమున చూచుకొనవలెను.

పలుమారు ఇంతటితోనే పిడి సరియగును. కేబులును తాకనక్కరలేకపోవచ్చును. ఇది చూచి “ఇన్నాళ్లు అనవసరముగ నట్టు త్రిప్పితిమే” యని రైతులు మాతో అన్న సందర్భములు కలవు.

ఇంకను వదులు మిగిలియున్నచో అప్పుడు కేబులు వంతు. నట్టు ఉండుచోటు బండిబండికి మారును. కొన్నింటిలో పిడి అడుగుననే, తోలు తొడుగు తీసినచో కనబడును. కొన్నింటిలో బండి క్రింద అడ్డపట్టీయొద్ద ఉండును. మరల మట్టిని ఇనుప బ్రష్షుతో తోమి, చుక్క ఆయిలు వేసి కొంతసేపు నాననీయవలెను. తుప్పు పట్టిన నట్టును బలవంతముగ త్రిప్పినచో కేబులు కూడ మెలితిరిగి పోగులు తెగును. కావున కేబులు చివరను ఒక పానాతో కదలకుండ పట్టి, మరియొక పానాతో నట్టును త్రిప్పవలెను. పిడిని ఒకటి రెండు టిక్కులు ఎత్తియుంచి, వెనుక చక్రములు రెండును చేతికి కొంచెము బరువుగ తగులువరకు నట్టును బిగింపవలెను. తరువాత పిడిని పూర్తిగ దించి చక్రములను దొర్లింపవలెను. రెండును ఏ అడ్డంకియు లేక దొరలవలెను. దొరలనిచో బిగువు ఎక్కువైనది, వెనుకకు త్రిప్పుడు. పిడిని మరల రెండు మూడు టిక్కులెత్తి రెండు చక్రములును సమముగ బరువెక్కినవా చూడవలెను. ఒకటి పట్టి ఒకటి పట్టనిచో దోషము నట్టులో లేదు. ఆ వైపు కేబులు తొడుగులో పట్టుకొనిపోయినదో, షూ ఎడము ఎక్కువగనున్నదో వెదకవలెను. అంతయు సరియైన పిమ్మట చెక్ నట్టును బిగించుట మరువరాదు. అది లేనిచో మన రోడ్లపై అదరి నట్టు కొద్దిరోజులలోనే వెనుకకు వచ్చును.

నట్టు మర చివరకు వచ్చియు వదులు తీరనప్పుడు, గొట్టపు ముక్కయో, నాలుగైదు వాషర్లో నడుమ దూర్చి బిగించుట కొన్నిచోట్ల చూచియున్నాము. ఇది మిక్కిలి చెడ్డ పని. మర అయిపోయినదనగా, షూలైనను అరిగినవి, కేబులైనను పనికిరానిదైనది అని బండి మనకు చెప్పుచున్నది. వాషర్లు దూర్చుట ఆ నోరు మూయుటయే.

అతిబిగువును వదులువలెనే చెరుపు. బిగువుగనున్న బ్రేకు నడచునంతసేపును షూలను డ్రమ్మునకు ఒరయుచుండును. డీజిలు ఎక్కువగ త్రాగును, లైనరు శీఘ్రముగ అరుగును, డ్రమ్ము కాగి పొగవాసన వచ్చును. కావున సవరణ తరువాత బండిని స్టాండ్లపైనుండి దింపి, చక్రపు నట్లను సరిగ బిగించి, ఖాళీగ రెండు మూడు కిలోమీటర్లు, బ్రేకును వీలైనంత తక్కువ వాడుచు నడిపి, రెండు డ్రమ్ములయొద్దను అరచేతి వెనుకభాగమును దగ్గరగ చాచి చూడవలెను. అంటరాదు, కాలవచ్చును. ఒకటి రెండవదానికంటె చాల వేడిగనున్నచో అచ్చట బ్రేకు వదలుటలేదు. పిమ్మట ముందు చెప్పిన వాలు పరీక్షను మరల చేయవలెను. సరుకుతో బయలుదేరుట ఆ తరువాతనే.

బండి నిలుపువిధమును గూర్చి రెండు మాటలు. వాలుపై ఆపునప్పుడు కాలిబ్రేకు త్రొక్కియుండగనే చేతిబ్రేకు లాగి, కాలు మెల్లగ తీసి, బరువంతయు చేతిబ్రేకుపై నిలిచిన పిదప గేరులో నుంచవలెను. ముఖము ఎగువకున్నచో మొదటి గేరు, దిగువకున్నచో వెనుక గేరు. ఘాటురోడ్డున ముందు చక్రములను కొండగట్టువైపునకు త్రిప్పియుంచినచో, బండి కదలినను లోయవైపునకు పోదు. ఆపైన రాయి. సరుకు ఎక్కించుటకు ముందు పిడిని ఇంకొక టిక్కు లాగి చూడవలెను; ఖాళీబండికి చాలిన బిగువు నిండుబండికి చాలకపోవచ్చును. కూలీలు పైకెక్కి దిగుచున్నంతసేపు దిగువవైపున ఎవరును కూర్చుండరాదు. బండి నీడ చల్లగ నుండును గనుక పిల్లలు అక్కడికే చేరుదురు.

వర్షకాలమున తడిసిన బండిని చేతిబ్రేకు లాగి దినముల తరబడి నిలిపియుంచినచో, లైనరు డ్రమ్మునకు తుప్పుతో అతుకుకొనుట కలదు. సమతలమున ఎక్కువ దినములు నిలుపవలసివచ్చినప్పుడు చేతిబ్రేకు దించి, గేరులో నుంచి, చక్రములకు ఇరువైపుల చీలలు పెట్టుట మేలు. వాలునేలపై మాత్రము ఇట్లు చేయరాదు.

జాకీ ప్రతి బండితోడను వచ్చును. స్టాండ్లు రావు. ఏటికి రెండు మూడు పర్యాయములు మాత్రమే కావలసిన వస్తువును ప్రతి రైతును కొనుట కష్టమేయగును. విత్తనపు గొర్రును, మందుకొట్టు యంత్రమును సంఘము ఉమ్మడిగ నుంచుటకు వీలున్నట్లే, బండి బరువునకు తగిన ఒక జత ఇనుప స్టాండ్లను, నాలుగు తుమ్మకొయ్య చీలలను గిడ్డంగిలో నుంచి సభ్యులకు వాడుకకిచ్చు విషయమును కార్యవర్గమువారు వచ్చు సమావేశమున ఆలోచింపవలెనని కోరుచున్నాము. చీలలను ఊరి వడ్రంగియే చేయగలడు. సవరణ చేసినవారు ఆనాటి తేదీని, పిడి యెన్ని టిక్కులలో బిగిసినదో ఆ సంఖ్యను, బండి తిరిగిన కిలోమీటర్లను తలుపు లోపలివైపున ఒక చీటీపై వ్రాసి అతికింపవలెను. రెండు నెలల తరువాత మరల లెక్కించినప్పుడు టిక్కులు రెండు పెరిగియున్నచో, నట్టుయొద్దకు గాక డ్రమ్ముయొద్దకు పోవలెనని ఆ చీటీయే చెప్పును.